లోటస్ నిర్మాత కాలిన్ చాప్‌మన్

రెండవ ప్రపంచయుద్ధంలో విజయం సాధించినప్పటికీ, 1945 నాటికి బ్రిటన్ ఆర్థికంగా చితికిపోయి ఉంది. యుద్ధం ముగిసిన తరువాత కూడా అక్కడి ప్రజలు రేషను పుస్తకాలు పట్టుకొని బారులు తీరవలసి వచ్చింది. పెట్రోలు కూడా రేషను మీదనే లభించేది. కర్మాగారాలలో తయారైన కొత్త కార్లలో అధికభాగం విదేశీ మారకద్రవ్యం కోసం ఎగుమతి అయ్యేవి. అందువల్ల సామాన్యుడికి కారు కావాలంటే యుద్ధానికి పూర్వం తయారైన పాతబండే గతి. అటువంటి రోజులలో కూడా మోటారు పోటీలపై ఆంగ్ల యువకులకు గల మోజు తగ్గలేదు. పందెపు కారు కొనే స్తోమతు లేనివారు పాతకార్లను విప్పి, మార్చి, తమ చేతులతో తామే పోటీబండ్లను తయారుచేసుకొన్నారు.

ఆ పోటీలలో ట్రయల్స్ అనేవి ఒక ప్రత్యేకమైన రకం. వీటిలో వేగానికి ప్రాధాన్యం లేదు. నిటారైన కొండవాలులో బురద, రాళ్లు, చెట్లవేళ్లు నిండిన బాటను ఎంచుకొని, దానిని భాగాలుగా విభజించి, ప్రతి భాగం వద్ద న్యాయనిర్ణేతను నిలుపుతారు. కారు ఎక్కడా ఆగకుండా, వెనుకకు జారకుండా పైకి ఎక్కాలి. ఆగినచోటును బట్టి మార్కులు పోతాయి. ఇంజను ఎంత శక్తిమంతమైనదైనా చక్రం బురదలో గిరగిర తిరుగుతూ ఉన్నచోటనే ఉండిపోతే ప్రయోజనం శూన్యం. కనుక బండి తేలికగా ఉండాలి, ఉన్న బరువు మాత్రం ఇంజను శక్తి అందే వెనుకచక్రాల మీద పడాలి. ఇందుకోసమే స్పేర్ చక్రాలను తోకభాగంలో బిగించేవారు. పక్కసీటులోని వ్యక్తి కూడా ఊరక కూర్చోక, చక్రం జారుతున్న క్షణంలో సీటు మీద ఎగిరెగిరి పడుతూ చక్రాన్ని నేలకు అదిమేవాడు. చూసేవారికి ఇది వినోదమే అయినా, బరువు ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు అనే విషయాన్ని ఇంత స్పష్టంగా బోధించే పాఠశాల మరొకటి లేదు. ఆ పాఠశాలలో చేరిన ఒక ఇంజనీరింగు విద్యార్థి అక్కడ నేర్చిన పాఠంతో ప్రపంచ మోటారు పందేల స్వరూపాన్నే మార్చివేశారు. ఆయన పేరు కాలిన్ చాప్‌మన్.

ఆంథొనీ కాలిన్ బ్రూస్ చాప్‌మన్ 1928వ సంవత్సరం మే 19వ తేదీన లండను సమీపంలోని రిచ్‌మండ్‌లో జన్మించారు. బాల్యం ఉత్తర లండనులో గడిచింది. తండ్రి అక్కడి హార్న్‌సీ ప్రాంతంలో రైల్వే హోటల్ అనే పానశాలను నిర్వహించేవారు. ఆ హోటలు వెనుక పాతకాలపు గుర్రపుశాలలు ఉండేవి. గుర్రపుబండ్ల యుగం ముగియడంతో అవి ఖాళీగా పడివున్నాయి. వాటితో కాలిన్‌కు ఎంత పని పడనున్నదో అప్పట్లో ఎవరూ ఊహించి ఉండరు.

1945లో ఆయన లండను యూనివర్సిటీ కాలేజీలో ఇంజనీరింగు విద్యార్థిగా చేరారు. భవనాలు, వంతెనలు మొదలైన కట్టడాల బలాబలాలను గణించే శాస్త్రం ఆయన అధ్యయనాంశం. మోటారు ఇంజను ఆయన చదువులో భాగం కాదు. అదే తరువాతి కాలంలో ఆయనకు కలిసివచ్చింది. తక్కినవారు కారు అనగానే ఇంజనును తలచుకొంటే, ఆయన కారును వంతెనవలె చూశారు. ఏ కడ్డీ మీద ఎంత భారం పడుతున్నది, ఆ భారం ఏ దారిన నేలకు చేరుతున్నది అనే ప్రశ్నతోనే ఆయన ఆలోచన మొదలయ్యేది. విశ్వవిద్యాలయపు వైమానిక దళ విభాగంలో చేరి విమానం నడపడం కూడా ఆయన నేర్చుకొన్నారు. పలుచని అల్యూమినియపు రేకు విమానానికి కప్పుగా ఉంటూనే భారాన్ని కూడా మోయడాన్ని దగ్గరగా పరిశీలించారు.

తరగతిగది కన్నా వారెన్ వీధి ఆయనను ఎక్కువగా ఆకర్షించింది. లండనులో పాతకార్ల బేరగాళ్లకు ఆ వీధి పేరెన్నిక గన్నది. ఒక సహాధ్యాయితో కలిసి చాప్‌మన్ కూడా పాతకార్లు కొని, బాగుచేసి, అమ్మడం ప్రారంభించారు. చదువుకొనే కుర్రవాడికి ఆ లాభం తక్కువేమీ కాదు. అయితే 1947వ సంవత్సరం అక్టోబరులో ప్రభుత్వం సొంతకార్లకు ఇచ్చే సాధారణ పెట్రోలు రేషనును రద్దు చేసింది. పెట్రోలు లేని కారును కొనేదెవరు? పాతకార్ల ధరలు ఒక్కసారిగా పడిపోయాయి. చేతిలో ఉన్న బండ్లను అయినకాడికి తెగనమ్ముకొనేసరికి అంతవరకు కూడబెట్టిన లాభమంతా హరించుకుపోయింది. చివరికి ఎవరూ కొనని ఒక ఆస్టిన్ సెవెన్ కారు మాత్రం మిగిలింది. అప్పటికే అది సుమారు ఇరవై ఏళ్ల నాటి బండి.

ఆస్టిన్ సెవెన్‌ను గురించి కొంత చెప్పుకోవలసి ఉంది. 1922లో మార్కెట్టులోకి వచ్చిన ఈ చిన్నకారు బ్రిటిష్ మధ్యతరగతి వారికి మొదటిసారిగా కారుభాగ్యాన్ని కలిగించింది. దాని ఇంజను పరిమాణం 747 ఘన సెంటీమీటర్లు మాత్రమే. అంటే నేటి పెద్ద మోటారు సైకిలు ఇంజనుకు మించదు. ముందువైపు కలిసి వెనుకకు విచ్చుకొనే రెండు ఉక్కు కమ్మీలే దాని చట్రం. తేలికైనదే గాని, గతుకుల దారిలో మెలితిరిగిపోయేది. 1939 వరకు లక్షల సంఖ్యలో తయారైన ఈ కార్లు యుద్ధానంతరం చవకగా దొరకడంతో, సొంతంగా పోటీబండ్లను తయారుచేసుకొనేవారికి అవి ముడిసరుకుగా మారాయి. వీటి అభిమానులు 1939లోనే 750 మోటార్ క్లబ్ అనే సంఘాన్ని స్థాపించుకొన్నారు.

అమ్ముడుపోని బండిని పోటీబండిగా మార్చాలని చాప్‌మన్ నిశ్చయించారు. అందుకు కావలసిన చోటు మజ్‌వెల్ హిల్ అనే ప్రాంతంలో దొరికింది. అక్కడ 1944 నుండి ఆయనకు పరిచయమున్న హేజెల్ విలియమ్స్ తల్లిదండ్రుల ఇల్లు ఉంది. ఆ ఇంటి వెనుక ఒక కారుషెడ్డు ఉంది. లోటస్ చరిత్రకు అదే జన్మస్థలం. చాప్‌మన్ పాత కారుమేనును పూర్తిగా ఊడదీశారు. మిగిలిన చట్రపు కమ్మీలు అడ్డుకోతలో మూడువైపులే మూసి ఉండి, ఒకవైపు తెరచి ఉండేవి. ఆ తెరపిని ఉక్కురేకుతో మూసి, వాటిని పెట్టెకమ్మీలుగా మార్చారు. దానితో చట్రం మెలితిరగడం చాలావరకు తగ్గింది. ఆ పైన అల్యూమినియపు రేకు అతికిన ప్లైవుడ్డుతో కొత్త మేనును నిర్మించి, దానికి అడ్డుగోడలను గట్టిగా బిగించారు. ఈ అడ్డుగోడల వల్ల మేను, చట్రం ఏకమై బండి మొత్తానికి బిగువు వచ్చింది. తక్కినవారి బండ్లలో మేను గాలి, బురద తగలకుండా కాపాడే ముసుగు మాత్రమే. చాప్‌మన్ బండిలో ఆ ముసుగు కూడా బరువు మోసింది. ఒకే భాగం రెండు పనులు చేస్తే రెండవ భాగం అవసరం ఉండదు, దాని బరువూ ఉండదు. ఇరవై ఏళ్ల వయసులో షెడ్డులో తోచిన ఈ ఆలోచననే ఆయన జీవితాంతం సానపట్టారు.

ఈ నిర్మాణంలో హేజెల్ పాత్ర చిన్నది కాదు. బోల్టులు బిగించడం, రంగు వేయడం మొదలుకొని డబ్బు సర్దడం వరకు ఆమె అన్నింటా తోడు నిలిచారు. పోటీలలో పక్కసీటు కూడా ఆమెదే. 1948లో బండి పూర్తయింది. రూపం మారిన కారును కొత్తగా రిజిస్టరు చేయవలసి రావడంతో దానికి లోటస్ అని పేరు పెట్టారు. బురదలో పొర్లాడవలసిన బండికి తామరపువ్వు పేరు! బురదలో పుట్టినా బురద అంటని పువ్వుగా తామరను ఎరిగిన తెలుగువారికి ఈ పేరు సహజంగానే తోచవచ్చు. కాని లండను యువకుడికి అది ఎందుకు తోచిందో ఎవరికీ అంతుపట్టలేదు. హేజెల్‌ను ఆయన ముద్దుగా పిలుచుకొన్న పేరు అదేనని కొందరు చెబుతారు. చాప్‌మన్ మాత్రం తన జీవితకాలంలో ఆ రహస్యాన్ని విప్పలేదు. ఆ ఏడాది ఆ జంట పాల్గొన్న ట్రయల్స్‌లో తమ తరగతిలో బహుమతులు గెలుచుకొన్నారు.

అంతలో చదువు ఒక చిక్కు తెచ్చింది. పాతకార్ల బేరాలలోను, షెడ్డులోను కాలం గడిచిపోగా, 1948లో చివరి పరీక్షలో ఆయన గణితంలో తప్పారు. తరువాతి కాలంలో లోహపు కడ్డీల మీద పడే భారాలను మనసులోనే అంచనా వేయగలవాడని పేరుపొందిన వ్యక్తి గణితంలోనే తప్పడం విచిత్రమే. ఆ పరీక్షను మరల రాసి 1949లో పట్టా పొందారు. ఈ మధ్యకాలంలో వైమానిక దళంలో కొద్దికాలం పనిచేశారు గాని, అక్కడ స్థిరపడడానికి అంగీకరించలేదు. తరువాత బ్రిటిష్ అల్యూమినియం కంపెనీలో ఇంజనీరుగా చేరారు. పగలు అల్యూమినియంతో భవనభాగాలు నిర్మించే మార్గాలను వివరించడం, రాత్రి షెడ్డులో కారు పని — కొన్నేళ్లపాటు ఆయన దినచర్య దాదాపు ఇదే.

రెండవ లోటస్‌ను ఫోర్డ్ ఇంజనుతో నిర్మించారు. ట్రయల్స్ కోసమే మొదలైన ఆ బండితో 1950వ సంవత్సరం జూన్‌లో సిల్వర్‌స్టోన్ పందెపుబాట మీద దిగి, ఖరీదైన బుగాటి కారుతో పోటీపడి గెలిచారు. బురదకొండల నుండి ఆయన మనసు పందెపుబాట వైపు మళ్లింది. మొదటి లోటస్‌ను ఆ ఏడాదే అమ్మివేశారు. మూడవ లోటస్ 1951లో 750 మోటార్ క్లబ్ నడిపే పందేల కోసం తయారైంది. ఆ పందేలలో అందరూ ఆస్టిన్ సెవెన్ ఇంజనునే వాడాలి. ఈ ఇంజనులో నాలుగు సిలిండర్లకు కలిపి లోనికి గాలి, పెట్రోలు పోయే ద్వారాలు రెండే ఉండేవి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లకు ఒకే ద్వారం. అవి వెంటవెంటనే పీల్చుకొనడం వల్ల ఒకదాని వాటాను మరొకటి హరించేది. ద్వారాల సంఖ్యను పెంచరాదని నియమం ఉంది. చాప్‌మన్ ద్వారాన్ని పెంచలేదు. ఉన్న ద్వారంలోనే పలుచని అడ్డుతెరను అమర్చారు. దానితో ప్రతి సిలిండరుకు వేరుదారి ఏర్పడింది. ఆ సంవత్సరం లోటస్ ముందు తక్కిన కార్లు వెలవెలబోయాయి. మరుసటి ఏడాది క్లబ్బు తన నియమాలను సవరించి ఆ ఉపాయాన్ని నిషేధించింది. నియమంలో ఏమి రాసివున్నదో చదవడం అందరూ చేసే పని. అందులో ఏమి రాయలేదో వెదకడం చాప్‌మన్ అలవాటు. ఈ అలవాటే ఆయన కీర్తికీ, తుదకు అపకీర్తికీ కూడా మూలమైంది.

1952వ సంవత్సరం జనవరి 1వ తేదీన లోటస్ ఇంజనీరింగ్ సంస్థ ప్రారంభమైంది. పెట్టుబడి హేజెల్ అప్పుగా ఇచ్చిన 25 పౌన్లు. కార్ఖానా తండ్రి హోటలు వెనుకనున్న గుర్రపుశాల. కారు తయారీలో తోడ్పడిన అలెన్ సోదరులు మొదట్లో ఆయనకు అండగా నిలిచారు. ఆ ఏడాదే నిర్మించిన ఆరవ నమూనా కారు రోడ్డు ప్రమాదంలో ధ్వంసం కావడంతో సంస్థ మూతపడే స్థితికి వచ్చింది. అలెన్ సోదరులు వైదొలగినా చాప్‌మన్ వెనుదీయలేదు. విమాన కర్మాగారంలో ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు వచ్చి పనిచేసే మైక్ కాస్టిన్ ఆయనకు కుడిభుజమయ్యారు. అటువంటి యువకులు మరికొందరు చేరారు. జీతం సంగతి అడిగినవారు తక్కువ. మెకానిక్కుగా చేరిన గ్రాహమ్ హిల్ అనే యువకుడు 1968లో లోటస్ కారు మీదనే ప్రపంచవిజేత అయ్యారు.

ఆరవ నమూనా, అనగా లోటస్ మార్క్ 6, సొంతంగా కారు నిర్మించుకోవాలనుకొనే ఔత్సాహికులకు వరప్రసాదం. దాని చట్రంలో చాప్‌మన్ చదువంతా ప్రతిఫలిస్తుంది. నాలుగు కడ్డీలను చతురస్రంగా బోల్టులతో కలిపి ఒక మూలను నొక్కితే ఆ చతురస్రం పక్కకు ఒరిగిపోతుంది. మూడు కడ్డీలను త్రిభుజంగా కలిపితే ఎంత నొక్కినా దాని ఆకారం మారదు. రైల్వే వంతెనల పక్కభాగాలు త్రిభుజాలుగా కనిపించడానికి కారణం ఇదే. సన్నని ఉక్కుగొట్టాలను త్రిభుజాలుగా వెల్డింగు చేసి చాప్‌మన్ తన చట్రాన్ని కూర్చారు. ఆ గొట్టాల చట్రం బరువు సుమారు 25 కిలోలే. ఒక బస్తా బియ్యం ఎత్తగల మనిషి దానిని సునాయాసంగా భుజాన వేసుకొనిపోగలడు.

కొనుగోలుదారుడికి పూర్తి కారు అందేది కాదు. చట్రం, అల్యూమినియపు రేకులు, ప్రత్యేకమైన కొన్ని విడిభాగాలు మాత్రం అందేవి. ఇంజను, గేరుపెట్టె, ఇరుసులను పాత ఫోర్డ్ కారు నుండి ఊడదీసి అతడే బిగించుకోవాలి. ఈ పద్ధతి వెనుక పన్ను లెక్క ఒకటి ఉంది. ఆనాడు బ్రిటన్‌లో పూర్తిగా తయారైన కారు మీద భారీగా కొనుగోలు పన్ను ఉండేది. విడిభాగాలుగా కొని సొంతంగా కూర్చుకొన్న కారుకు ఆ పన్ను లేదు. ఈ సందు వల్ల చిన్న ఉద్యోగులు, విద్యార్థులు కూడా పందెపు కారుకు యజమానులు కాగలిగారు. కారును కూర్చే విధానాన్ని రాసి ఇస్తే పన్ను మినహాయింపు పోతుందనీ, అందుచేత విప్పే విధానాన్ని రాసి ఇచ్చేవారనీ, కొన్నవారు దానిని చివరి నుండి మొదటికి చదువుకొనేవారనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథ నిజమో కాదో గాని, చాప్‌మన్ స్వభావానికి అది సరిగ్గా అతుకుతుంది. మార్క్ 6 కార్లు సుమారు వంద అమ్ముడయ్యాయి. 1954లో చాప్‌మన్, హేజెల్ వివాహం చేసుకొన్నారు. 1955వ సంవత్సరం జనవరి నుండి ఉద్యోగాన్ని విడిచి, చాప్‌మన్ పూర్తికాలం లోటస్ పనికే అంకితమయ్యారు.

1957లో వెలువడిన లోటస్ సెవెన్ ఈ వరుసలో అగ్రగణ్యమైనది. తలుపులు లేవు, గట్టి పైకప్పు లేదు, సుఖం అనదగినది ఏదీ లేదు. నాలుగు చక్రాల మధ్య ఇద్దరు మనుషులు, ఒక ఇంజను, అంతే. వారమంతా ఆఫీసుకు వెళ్లిన కారులోనే ఆదివారం పందెంలో దిగవచ్చు. పదహారేళ్లలో సుమారు 2,500 సెవెన్ కార్లు తయారయ్యాయి. 1973లో కొనుగోలు పన్ను స్థానంలో విలువ ఆధారిత పన్ను రావడంతో కిట్టు కారుకు గల లాభం పోయింది. ఆ సంవత్సరమే చాప్‌మన్ సెవెన్ నిర్మాణహక్కులను కేటర్‌హామ్ అనే సంస్థకు అమ్మివేశారు. ఆ సంస్థ దానిని విడిభాగాలుగా అమ్మే సంప్రదాయాన్ని విడిచిపెట్టలేదు.

లోటస్ 1958లో మొనాకో పందెంతో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టింది. అక్కడి నుండి చాప్‌మన్ సాధించిన విజయాలను ఏకరువు పెడితే గ్రంథమవుతుంది. వాటి వెనుకనున్న సూత్రం మాత్రం పాతదే. 1962 నాటి లోటస్ 25లో గొట్టాల చట్రాన్నే తొలగించి, పలుచని అల్యూమినియపు రేకులతో చేసిన పెట్టెలను కారుకు వెన్నెముకగా నిలిపారు. ఇంధనం ఆ పెట్టెలలోనే ఇమిడింది. ప్లైవుడ్డు మేను చేత బరువు మోయించిన షెడ్డు ఆలోచనకు ఇది సంపూర్ణ రూపం. స్కాట్లండుకు చెందిన జిమ్ క్లార్క్ ఆ కారుతో 1963లో ప్రపంచవిజేత అయ్యారు. 1967 నాటి లోటస్ 49లో కారు వెనుకసగానికి చట్రమే లేదు. సీటు వెనుక గోడకు ఇంజనును బిగించి, వెనుకచక్రాల భారాన్ని ఆ ఇంజను చేతనే మోయించారు. 1978లో కారు అడుగుభాగాన్ని తలకిందులైన విమానపురెక్కవలె తీర్చి, గాలి ఒత్తిడితోనే కారును నేలకు అదిమిపట్టారు. ట్రయల్స్‌లో పక్కసీటు మనిషి ఎగిరిపడి చేసిన పనిని ఇక్కడ గాలి చేసిందన్నమాట. 1963 నుండి 1978 వరకు నిర్మాతలకు ఇచ్చే ప్రపంచ బిరుదును లోటస్ ఏడుమార్లు గెలుచుకొంది. తన కారు గెలిచినప్పుడల్లా నల్లని టోపీని గాలిలోకి విసిరి ఎగిరి గంతేసే చాప్‌మన్ రూపం ఆ కాలపు ప్రేక్షకులకు సుపరిచితం.

అయితే తేలికదనానికి మూల్యం చెల్లించవలసి వచ్చింది. బురదకొండ మీద గంటకు పదిమైళ్ల వేగంతో ఎక్కే బండిలో ఒక భాగం విరిగితే మార్కులు పోతాయి. గంటకు నూటయాభై మైళ్ల వేగంలో అదే విరిగితే ప్రాణం పోతుంది. 1968లో జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో జిమ్ క్లార్క్ మరణించారు. చాప్‌మన్‌కు ఆయన తోడబుట్టినవాని వంటివారు. ఆ దుఃఖం నుండి చాప్‌మన్ పూర్తిగా కోలుకోలేదని దగ్గరివారు భావించారు. 1969లో స్పెయిన్ పందెంలో రెండు లోటస్ కార్ల రెక్కలూ విరిగిపడ్డాయి. ఆ ప్రమాదంలో గాయపడిన యోకెన్ రింట్, కార్ల వేగానికి కొదవ లేదనీ, కొంత బరువు పెరిగినా బలహీనమైన భాగాలను దృఢపరచవలసినదనీ చాప్‌మన్‌కు లేఖ రాశారు. మరుసటి సంవత్సరం సెప్టెంబరు 5వ తేదీన ఇటలీలోని మోంజాలో లోటస్ కారులోనే రింట్ ప్రాణాలు కోల్పోయారు. బ్రేకుకు సంబంధించిన ఇరుసు విరిగినట్లు విచారణలో తేలింది. బాటపక్కన రక్షణకమ్మీలను సరిగా అమర్చకపోవడం ప్రాణాపాయానికి కారణమైంది. ఇటలీ న్యాయస్థానం తరువాత చాప్‌మన్‌ను నిర్దోషిగా నిర్ణయించింది. మిగిలిన పందేలలో ఎవరూ రింట్ మార్కులను దాటలేకపోవడంతో ఆ ఏడాది ప్రపంచ బిరుదు మరణించిన వ్యక్తికే దక్కింది. చట్టం దృష్టిలో దోషం లేకపోవచ్చు గాని, ఆ లేఖ మాత్రం చాప్‌మన్ చరిత్ర నుండి తొలగిపోలేదు. ఆ కాలంలో ఇతర సంస్థల కార్లలో కూడా ఎందరో మరణించారన్న మాట నిజమే. ఐనా అవసరానికి మించి ఒక్క తులం లోహం వాడరాదని పట్టుబట్టిన నిర్మాతకు, ఆ అవసరం ఎంత అనే గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న తప్పదు.

నియమాల సందులు వెదికే అలవాటు కూడా చివరి రోజులలో ఆయనను చిక్కుల్లో పడవేసింది. రెండు చట్రాలతో నిర్మించిన లోటస్ 88ను 1981లో అధికారులు పందేలలోకి అనుమతించలేదు. ఇది ఆటకు సంబంధించిన వివాదం. అంతకన్నా తీవ్రమైనది డీలోరియన్ వ్యవహారం. ఉత్తర ఐర్లండులో బ్రిటిష్ ప్రభుత్వ ధనసహాయంతో వెలసిన డీలోరియన్ కార్ల సంస్థకు నమూనాను తీర్చిదిద్దే పనిని 1978లో లోటస్ స్వీకరించింది. అందుకు ఉద్దేశించిన సొమ్ములో కోటీ డెబ్బయి లక్షలకు పైగా డాలర్లు విదేశాలలోని మరొక సంస్థకు మళ్లి, దారితప్పినట్లు తేలింది. ఆ కర్మాగారం 1982లో మూతపడి రెండువేలకు పైగా కార్మికులు వీధిన పడ్డారు. విచారణ చాప్‌మన్ దాకా రాకముందే, 1982వ సంవత్సరం డిసెంబరు 16వ తేదీన ఆయన గుండెపోటుతో మరణించారు. వయసు 54 సంవత్సరాలు. కంప్యూటరు ఆదేశాలతో చక్రాలను పైకీ కిందికీ కదిపే సరికొత్త లోటస్‌ను ఆ రోజే మొదటిసారిగా పరీక్షకు దించారు. 1992లో లోటస్ ఆర్థిక వ్యవహారాలు చూసిన అధికారికి బెల్‌ఫాస్ట్ న్యాయస్థానం మూడేళ్ల కారాగారశిక్ష విధించింది. చాప్‌మన్ జీవించి ఉంటే కనీసం పదేళ్ల శిక్షకు అర్హులై ఉండేవారని న్యాయమూర్తి ఆ సందర్భంలో అభిప్రాయపడ్డారు. పన్ను సందును కనిపెట్టి పేదవిద్యార్థికి కారు అందించిన బుద్ధి, ప్రజాధనం దారిమళ్లిన వ్యవహారంలోనూ భాగం పంచుకొన్నదని చెప్పక తప్పదు.

హేజెల్ భర్త మరణానంతరం చిరకాలం జీవించి, 2021లో కన్నుమూశారు. కుమారుడు క్లైవ్ చాప్‌మన్ పాత లోటస్ పందెపు కార్లను వెదికి, బాగుచేసి, మరల బాటమీద నడిపించే పనిని చేపట్టారు. వాటిలో మొదటి లోటస్ లేదు. 1950లో చేతులు మారిన తరువాత దాని జాడ తెలియరాలేదు. లోటస్ 70 ఏళ్ల పండుగ సందర్భంగా 2018లో, తమ షెడ్లలోను, గోదాములలోను, పశువులకొట్టాలలోను ఒకసారి వెదకి చూడవలసినదిగా క్లైవ్ ప్రజలకు విజ్ఞప్తి చేశారు. గుర్తించడానికి ఆధారాలుగా కొన్ని పాత ఛాయాచిత్రాలు, అల్యూమినియం అతికిన ప్లైవుడ్డు మేను వివరాలు, ఓఎక్స్ 9292 అనే రిజిస్ట్రేషను సంఖ్య మాత్రం ఉన్నాయి.